సెర్బియా ఎప్పటి దేశం? 1217, 1804, 1878, 2006 అన్నీ ఎందుకు కనిపిస్తాయి

మీ ప్రశ్న చూశాను. గ్రూప్స్ కి చదువుతుంటే ఒక మెటీరియల్ లో సెర్బియా స్వతంత్రం 2006 అని ఉంది, ఇంకో దాంట్లో 1878 అని ఉంది, వాళ్ళేమో ఏటా ఫిబ్రవరి 15న 1804ని తలుచుకుంటూ జాతీయ దినం చేసుకుంటారు, మొదటి ప్రపంచ యుద్ధం చాప్టర్ లో మొదటి పేజీలోనే ఉన్న దేశం రెండో ప్రపంచ యుద్ధానికి వచ్చేసరికి మ్యాప్ లోనే లేదు, మరి ఇందులో ఏది కరెక్ట్ అని అడిగారు. కింద ఒకాయన 1217 అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

నేను చాలా ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకి యూరప్ చరిత్ర చెప్తున్నాను, అందులో బాల్కన్స్, అంటే సెర్బియా ఉన్న ఆగ్నేయ యూరప్, నాకు బాగా ఇష్టమైన భాగం, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి. ముందు షార్ట్ గా చెప్పేస్తా. 1217 అంటే మధ్యయుగంలో కిరీటం వచ్చిన ఏడాది. 1804 తిరుగుబాటు మొదలైన ఏడాది. 1878 అంటే ప్రపంచం ఒప్పుకున్న స్వతంత్రం. 2006 అంటే మాంటెనెగ్రో విడిపోయి వెళ్ళాక సెర్బియా ఒంటరిగా మిగిలిన ఏడాది. ఏదీ తప్పు కాదు, ప్రశ్న ఏం అడుగుతోందో దాన్నిబట్టి జవాబు మారుతుంది. కానీ ఈ నాలుగు డేట్లు బట్టీ పడితే అసలు విషయం మిస్ అవుతారు. నేను చెప్పదలుచుకున్నది ఏంటంటే సెర్బియా రాజ్యం కత్తితో ఎంత వచ్చిందో కాగితాలతో కూడా అంతే వచ్చింది, ఒకసారి యుద్ధంలో ఓడి పోగొట్టుకున్నారు, ఇంకోసారి గెలిచి మరీ చేజేతులా వేరే దేశంలో కలిపేశారు, చివరికి 2006లో అడక్కుండానే తిరిగొచ్చింది.

మధ్యయుగం మొదటి భాగం త్వరగా దాటేద్దాం. స్లావులు బాల్కన్స్ లోకి 6, 7 శతాబ్దాల్లో వచ్చారు, 9వ శతాబ్దం మధ్యలో వ్లాస్తిమిర్ అనే పాలకుడు కనిపిస్తాడు, ఆ శతాబ్దం రెండో సగంలో క్రైస్తవం తీసుకున్నారు. ఒకవైపు బైజాంటియం, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం, ఇంకోవైపు బల్గేరియా, ఎవరిది పైచేయి అయితే వాళ్ళ మాట వినడం, వాళ్ళు కాస్త నీరసపడగానే తల ఎత్తడం, ఇలా సాగింది. 11వ శతాబ్దంలో బలం అంతా సముద్ర తీరం వైపు, అంటే ఇప్పటి మాంటెనెగ్రో దగ్గరున్న దుక్ల్యా అనే ప్రాంతానికి మారింది, అక్కడి మిహాయిలోని 1078లో పోప్ తన లేఖలో రాజు అని సంబోధించాడు.

అసలు కథ స్తెఫాన్ నెమాన్యాతో మొదలవుతుంది. 1160ల చివర్లో అధికారంలోకి వచ్చి, బైజాంటియంతో కొట్లాడుతూ, ఓడుతూ, మళ్ళీ లేస్తూ రాజ్యాన్ని సముద్రం దాకా పెంచాడు. 1196లో రాస్ దగ్గర పెద్దల సభ పెట్టి పెద్ద కొడుకు వుకాన్ని పక్కనపెట్టి రెండో కొడుకు స్తెఫాన్ కి గద్దె ఇచ్చేసి, తను సన్యాసం తీసుకుని వెళ్ళిపోయాడు. చిన్న కొడుకు అప్పటికే గ్రీస్ లో మఠాలుండే కొండ మౌంట్ ఆథోస్ లో సన్యాసి, అతనే సావా. తండ్రీకొడుకులు కలిసి 1198లో అక్కడ హిలందార్ మఠాన్ని మళ్ళీ నిలబెట్టారు, అది ఇప్పటికీ సెర్బ్ మఠమే. ఇక్కడ గద్దె దక్కని వుకాన్ ఊరుకోలేదు, హంగరీ సాయంతో వచ్చి తమ్ముణ్ణి కొన్నాళ్ళు దించేశాడు కూడా. సావా తండ్రి అవశేషాల్ని ఆథోస్ నుంచి స్టుడెనిత్సా మఠానికి తీసుకొచ్చి అన్నదమ్ముల్ని కలిపాడు.

ఆ తర్వాత జరిగింది బాగా గమనించండి. 1204లో క్రూసేడర్లు కాన్‌స్టాంటినోపుల్ ని ఆక్రమించేశారు, మిగిలిన బైజాంటియం వాళ్ళు నైసియా అనే ఊళ్ళో కొత్త చక్రవర్తిని, కొత్త పేట్రియార్క్ ని, అంటే తూర్పు చర్చి అధిపతిని, పెట్టుకున్నారు. ఈ పరిస్థితిని అన్నదమ్ములు ఎంత తెలివిగా వాడుకున్నారంటే స్తెఫాన్ 1217లో పోప్ దగ్గర్నుంచి కిరీటం తెప్పించుకుని రాజయ్యాడు, రెండేళ్ళ తర్వాత 1219లో సావా నైసియా వెళ్ళి అక్కడి పేట్రియార్క్ దగ్గర సెర్బ్ చర్చికి సొంత ఆర్చిబిషప్ ఉండేలా అనుమతి తెచ్చుకున్నాడు. అంటే కిరీటం రోమ్ నుంచి, చర్చి స్వతంత్రం తూర్పు నుంచి. సావా అక్కడితో ఆగలేదు, చర్చి చట్టాల్ని, రోమన్ సివిల్ చట్టాల్ని కలిపి ఒక పెద్ద గ్రంథం తన భాషలో తయారు చేయించాడు. నా అంచనాలో 1217 కన్నా 1219 పెద్ద డేట్, ఎందుకంటే కిరీటం తర్వాత పోయింది, చర్చి మిగిలింది. ఎలా మిగిలిందో కింద చెప్తాను.

ఆ తర్వాత వందేళ్ళు ఎదుగుదలే. సాక్సన్ మైనర్లని రప్పించి గనులు తవ్వించారు, వెండి బయటికొచ్చింది, నోవో బ్ర్దో లాంటి గనుల ఊళ్ళు పుట్టాయి, డుబ్రోవ్నిక్ వ్యాపారులు వచ్చి కూర్చున్నారు, ఆ డబ్బుతో మఠాలు, సైన్యం. 1331లో గద్దెక్కిన దుషాన్ మాసిడోనియా, అల్బేనియా, ఉత్తర గ్రీస్ దాకా వెళ్ళిపోయాడు. 1346 ఏప్రిల్ 16న, ఈస్టర్ రోజు, స్కోప్యెలో చక్రవర్తిగా పట్టాభిషేకం చేసుకున్నాడు, చక్రవర్తికి కిరీటం పెట్టాలంటే పేట్రియార్క్ కావాలి కాబట్టి ముందు సెర్బ్ చర్చి కేంద్రమైన పెచ్ లోని ఆర్చిబిషప్ ని పేట్రియార్క్ చేశాడు, కాన్‌స్టాంటినోపుల్ చర్చికి ఒళ్ళు మండి శాపం పెట్టింది.

దుషాన్ గురించి అందరూ సామ్రాజ్యం సైజు చెప్తారు, నేను మాత్రం క్లాసులో 1349లో ప్రకటించి 1354లో పెంచిన ఆయన చట్టం గురించే ఎక్కువ చెప్తాను. అందులో 171, 172 ఆర్టికల్స్ చూడండి. చక్రవర్తి కోపంతోనో, ప్రేమతోనో, ఎవరిమీదైనా జాలితోనో ఒక ఉత్తరం రాసి, ఆ ఉత్తరం చట్టానికి విరుద్ధంగా ఉంటే, జడ్జిలు ఆ ఉత్తరాన్ని పట్టించుకోకూడదు, చట్టంలో రాసినట్టే తీర్పు చెప్పాలి, చక్రవర్తికి భయపడి తీర్పు చెప్పకూడదు. 14వ శతాబ్దంలో ఒక చక్రవర్తి తన పేరు మీద వచ్చిన చట్టంలో తనకే కళ్ళెం వేసుకున్నాడు. ఇది మొత్తం ఆయన సొంత ఐడియా కాదు, బైజాంటియం చట్టాల్లో మూలాలున్నాయి, అదే చట్టంలో రైతుల్ని భూమికి కట్టేసే నియమాలూ, దారుణమైన శిక్షలూ ఉన్నాయి, అది కూడా మర్చిపోకూడదు. కానీ "చట్టం పాలకుడి కన్నా పైన" అనే మాట కాగితం మీద పడింది, ఇది మళ్ళీ 1805లో, 1835లో వస్తుంది.

1355లో దుషాన్ పోయాడు, కొడుకు ఉరోష్ కాలంలో సామంతులు ఎవరి ముక్క వాళ్ళు పట్టుకున్నారు. 1371లో మరిత్సా నది దగ్గర ఒట్టోమన్ టర్కుల చేతిలో ఘోరంగా ఓడారు, అదే ఏడాది ఉరోష్ పిల్లల్లేకుండా చనిపోయాడు, నెమాన్యా వంశం అయిపోయింది. తర్వాత 1389 కొసొవో యుద్ధం, ఇప్పటి క్యాలెండర్ లో జూన్ 28. సెర్బ్ ల వైపు ప్రిన్స్ లాజర్ చనిపోయాడు, ఒట్టోమన్ల వైపు సుల్తాన్ మురాద్ కూడా చనిపోయాడు. చాలా మెటీరియల్స్ లో "కొసొవో యుద్ధంతో సెర్బియా అంతమైంది" అని రాస్తారు, అది తప్పు, దయచేసి అలా రాయొద్దు. సామంతంగానే అయినా ఇంకో 70 ఏళ్ళు రాజ్యం ఉంది. లాజర్ కొడుకు స్తెఫాన్ లాజరెవిచ్ కాలంలోనే బెల్‌గ్రేడ్ మొదటిసారి రాజధాని అయింది. ఆయన 1427లో పోయాక బెల్‌గ్రేడ్ హంగరీకి ఇవ్వాల్సి వచ్చింది, అందుకని జుర్జ్ బ్రాంకోవిచ్ డాన్యూబ్ ఒడ్డున స్మెదెరెవో కోట కట్టుకున్నాడు. 1459 జూన్ లో స్మెదెరెవో పడిపోయింది, అదీ అంతం. బెల్‌గ్రేడ్ హంగరీ చేతిలో 1521 దాకా నిలిచి, సులేమాన్ వచ్చాక పోయింది.

ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, 1459 నుంచి 1804 దాకా, అంటే దాదాపు 350 ఏళ్ళు, రాజు లేడు, రాజధాని లేదు, సొంత సైన్యం లేదు, మరి 1804లో ఒక్కసారిగా "మా రాజ్యం" అని ఎలా లేచారు? జవాబులో మొదటి సగం చర్చి. 1557లో ఒట్టోమన్లే పెచ్ పేట్రియార్కేట్ ని మళ్ళీ తెరవనిచ్చారు, మొదటి పేట్రియార్క్ మకారియె సొకొలోవిచ్, ఒట్టోమన్ దర్బారులో పెద్ద స్థాయిలో ఉన్న మెహ్మద్ పాషా సొకొలోవిచ్ కి దగ్గరి బంధువు. ఈ చర్చి నెమాన్యా వంశపు రాజుల్ని సెయింట్లుగా పూజించింది, అంటే ప్రతి ఏడూ పూజల్లో జనం తమ పాత రాజుల పేర్లు వింటూనే ఉన్నారు. 1766లో ఆ పేట్రియార్కేట్ ని రద్దు చేశారు, కానీ ఈలోపు 1690లో పేట్రియార్క్ అర్సెనియె వెంట వేలాది కుటుంబాలు హాబ్స్‌బర్గ్, అంటే ఆస్ట్రియా, వైపుకి వలస వెళ్ళిపోయాయి, చక్రవర్తి లియోపోల్డ్ దగ్గర హక్కుల పత్రాలు తెచ్చుకున్నారు, చదువుకున్నవాళ్ళు, వ్యాపారులు అక్కడ తయారయ్యారు. 1804 తర్వాత బెల్‌గ్రేడ్ లో గుమాస్తా, టీచర్, సెక్రటరీ కావాలంటే వీళ్ళలోంచే వచ్చారు.

రెండో సగం ఊళ్ళ సొంత పాలన. ఊరి పెద్దని క్నెజ్ అంటారు, పన్నుల దగ్గర్నుంచి తగాదాల దాకా ఆయనే చూస్తాడు. 1790లలో సుల్తాన్ సలీం 3 బెల్‌గ్రేడ్ ప్రాంతంలో సెర్బ్ లు తమ పన్నులు తామే వసూలు చేసుకునేలా ఫర్మానాలు ఇచ్చాడు, రౌడీల్లా తయారైన జానిసరీ సైనికుల్ని ఊళ్ళోకి రానివ్వలేదు. అప్పటి పాషా, అంటే ఒట్టోమన్ గవర్నర్, హాజీ ముస్తఫాని జనం సెర్బ్ ల తల్లి అని పిలుచుకునేవాళ్ళు, అంత బాగా చూశాడు. మరి చెడింది ఎక్కడ? నెపోలియన్ ఈజిప్ట్ మీద పడ్డాడు, సుల్తాన్ కి అక్కడ సైన్యం కావాల్సి వచ్చింది, ఇక్కడ పట్టు వదిలి జానిసరీల్ని మళ్ళీ రానిచ్చాడు. 1801లో వాళ్ళు పాషాని చంపేశారు, డహీలు అనే నలుగురు నాయకులు ప్రాంతాన్ని పంచుకున్నారు. 1804 జనవరి చివర్లో తిరుగుబాటు వస్తుందని వాసన పట్టి క్నెజ్ లని వెతికి వెతికి తలలు నరికించారు. వాల్యెవోలో అలెక్సా నెనదోవిచ్, ఇలియా బిర్చానిన్ అనే ఇద్దరు పెద్దల్ని నది ఒడ్డున అందరూ చూస్తుండగా చంపారు.

అప్పుడు ఫిబ్రవరి 15న ఒరాషత్స్ అనే ఊళ్ళో ఒక వాగు పక్క పల్లంలో జనం చేరారు, నాయకుడు ఎవరని చర్చ వచ్చింది. వాళ్ళ సంప్రదాయంలో ఇది ఎలా చెప్పుకుంటారంటే, ముందు గ్లావాష్ అనే అడవి యోధుణ్ణి అడిగారు, ఆయన నేను బందిపోటుని, ఇల్లూ వాకిలీ లేనివాణ్ణి, నన్ను ముందు పెడితే పెద్ద రైతులు వెంట రారు అన్నాడు. తర్వాత ఊరి క్నెజ్ తెయొదోసియెని అడిగారు, ఆయన నేను వద్దు, రేపు ఇది విఫలమైతే టర్కుల దగ్గరికి వెళ్ళి జనం తరఫున మాట్లాడటానికి ఒక క్నెజ్ మిగలాలి కదా అన్నాడు. మూడోవాడు కారాజోర్జె, పందుల వ్యాపారి, ఆస్ట్రియా సైన్యంలో వాలంటీర్ గా పోరాడిన అనుభవం ఉన్నవాడు. ఆయన నాకు కోపం ఎక్కువ, మాట విననివాణ్ణి అక్కడికక్కడే చంపేస్తాను అన్నాడు. మాకు ఇప్పుడు అలాంటివాడే కావాలి అన్నారు. రైతులు, వ్యాపారులు, అడవి యోధులు ఒక్కచోట చేరి ఎవరికి ఏ పని సరిపోతుందో లెక్కేసుకున్నారు, ఒక ప్రభుత్వం మొదలవ్వడాన్ని ఇంత దగ్గర్నుంచి చూపించే ఘట్టం నాకు ఇంకోటి గుర్తురాదు.

మొదట్లో వాళ్ళు సుల్తాన్ మీద తిరగబడుతున్నాం అనలేదు, డహీల మీద, సుల్తాన్ పేరు మీదే అన్నారు. ఆ ఏడాదే డహీలు హతమయ్యారు. అయినా ఇళ్ళకి వెళ్ళలేదు, 1805లో సుల్తాన్ సైన్యం వస్తే ఇవాన్కొవత్స్ దగ్గర ఆపేశారు, అప్పట్నుంచి అది స్వతంత్ర పోరాటం. అదే ఏడాది పాలక మండలి ఒకటి పెట్టారు, దానికి సెక్రటరీ ఖార్కివ్ లో లా చెప్పిన గ్రుయోవిచ్, ఆయన రాసిన ప్రసంగంలో దేశంలో మొదటి యజమాని, మొదటి జడ్జి చట్టమే, పెద్దలు, సైన్యం, మతాధికారులు అందరూ దాని కిందే అన్నాడు. 1808లో బెల్‌గ్రేడ్ లో పెద్ద బడి కూడా తెరిచారు. కానీ వీళ్ళ తలరాత మళ్ళీ నెపోలియన్ చేతిలోనే ఉంది. 1812లో ఆయన రష్యా మీదకి వస్తుంటే రష్యా హడావిడిగా టర్కీతో బుకారెస్ట్ లో సంధి చేసుకుంది, సెర్బ్ ల గురించి అందులో ఒక్క ఆర్టికల్ మాత్రం పెట్టి వదిలేసింది. 1813లో ఒట్టోమన్లు వచ్చి తొక్కేశారు, కారాజోర్జె నది దాటి ఆస్ట్రియాకి వెళ్ళిపోయాడు.

1815లో రెండో తిరుగుబాటు, నాయకుడు మిలోష్ ఒబ్రెనోవిచ్. చదవడం రాయడం రాదు, కానీ బేరం ఆడటంలో ఆయన్ని మించినవాడు లేడు. కొన్ని నెలలు పోరాడి, సరిగ్గా గెలుస్తున్నప్పుడే మరాష్లీ అలీ పాషాతో నోటిమాట ఒప్పందం చేసుకున్నాడు. తర్వాత పదిహేనేళ్ళు లంచాలు, కానుకలు, ఓపిక. 1817లో రహస్యంగా తిరిగొచ్చిన కారాజోర్జెని చంపించి తల సుల్తాన్ కి పంపాడు, ఆ రెండు వంశాల పగ దాదాపు వందేళ్ళు ఆ దేశ రాజకీయాన్ని పీడించింది, దీన్ని నేను ఏ లెక్కలోనూ సమర్థించలేను. కానీ 1829 ఎడ్రియనోపుల్ సంధి తర్వాత 1830లో సుల్తాన్ ఇచ్చిన శాసనం వచ్చేసరికి సెర్బియాకి వంశపారంపర్య ప్రిన్స్, సొంత పాలన, ఏటా ఫిక్స్‌డ్ కప్పం. భూమి దున్నే రైతుకే మిగిలింది, యూరప్ లో చాలా చోట్ల అప్పటికి అది లేదు. దీని ఇంకో పక్క ఏంటంటే కోట ఊళ్ళు తప్ప పల్లెల్లో ఉన్న ముస్లింలు అమ్ముకుని వెళ్ళిపోవాలని అదే ఏర్పాటులో ఉంది.

ఇప్పుడు మీ ఫిబ్రవరి 15 ప్రశ్నకి రెండో భాగం. మిలోష్ మొత్తం తన సొంత ఆస్తిలాగా పాలిస్తున్నాడని 1835 జనవరిలో పెద్దలే తిరగబడ్డారు, ఆయన దిగొచ్చి రాజ్యాంగం ఇస్తానన్నాడు. దిమిత్రియె దవిదోవిచ్ రాశాడు, క్రాగుయెవత్స్ లో మళ్ళీ అదే ఫిబ్రవరి 15న, స్రెతెన్యె అనే చర్చి పండుగ రోజు, ప్రకటించారు. 142 ఆర్టికల్స్. ప్రిన్స్ అధికారం కౌన్సిల్ తో, అసెంబ్లీతో పంచుకోవాలి, విచారణ లేకుండా మనిషిని జైల్లో ఉంచకూడదు, జాగీర్దారీ మళ్ళీ రాకూడదు. 118వ ఆర్టికల్ ప్రకారం ఏ బానిస అయినా సెర్బియా నేల మీద కాలు పెట్టిన క్షణం నుంచి స్వేచ్ఛాజీవి, తనంతట తను వచ్చినా, ఎవరైనా తెచ్చినా. అప్పటికి అమెరికాలో బానిసత్వం పోవడానికి ఇంకా 30 ఏళ్ళుంది. పక్కనున్న ముగ్గురు పెద్దలకీ ఇది నచ్చలేదు, రష్యాలో జార్ కే రాజ్యాంగం లేదు, ఆస్ట్రియాలో ఛాన్సలర్ మెటర్నిక్ కి ఇది ఫ్రెంచ్ విప్లవం వాసన కొట్టింది, సుల్తాన్ కి తన సామంతుడు సొంత జెండా పెట్టుకోవడం అవమానం. రెండు నెలలు కూడా నిలవలేదు. మిలోష్ కి కూడా మనసులో అక్కర్లేదు కాబట్టి వెంటనే రద్దు చేశాడు. 1838లో ఇస్తాంబుల్ నుంచి ఇంకో రాజ్యాంగం వచ్చింది, అందులో కౌన్సిల్ మెంబర్లని ప్రిన్స్ తన ఇష్టానికి తీసేయలేడు, మరుసటి ఏడాదే మిలోష్ గద్దె దిగాల్సి వచ్చింది.

తిరుగుబాటు, రాజ్యాంగం రెండూ ఒకే పండుగ రోజున పడ్డాయి, ఇప్పుడు స్టేట్‌హుడ్ డే ఆ రెండింటికీ కలిపి. 1389 ఓటమి రోజుని కాకుండా దీన్ని ఎంచుకోవడం మంచి పని అని నా గట్టి అభిప్రాయం.

మధ్యలో 1844లో సివిల్ కోడ్ వచ్చింది, అదే ఏడాది గరాషానిన్ అనే మంత్రి దుషాన్ నాటి సరిహద్దుల్ని గుర్తుచేస్తూ సెర్బియా ఎటు పెరగాలో ఒక రహస్య పత్రం రాశాడు, దాని నీడ 20వ శతాబ్దం దాకా పడింది. సొంత పాలన ఉన్నా బెల్‌గ్రేడ్ కోటలో మాత్రం టర్కీ సైన్యమే. 1862లో ఒక నీళ్ళ ఫౌంటెన్ దగ్గర గొడవలో ఒక సెర్బ్ కుర్రాడు చనిపోయాడు, అది ముదిరి కోటలోంచి ఊరి మీద ఫిరంగులు పేల్చారు. ఐదేళ్ళు దౌత్యం నడిపి 1867 ఏప్రిల్ లో కలెమెగ్దాన్ మైదానంలో పాషా చేతుల మీదుగా కోటల తాళాలు మిలోష్ కొడుకు ప్రిన్స్ మిహాయిలో తీసుకున్నాడు, బెల్‌గ్రేడ్, షాబత్స్, స్మెదెరెవో, క్లాదొవో. ఒక్క తూటా పేలలేదు. షరతు ఒక్కటే, కోట మీద సెర్బియా జెండా పక్కన టర్కీ జెండా కూడా ఎగరాలి. మరుసటి ఏడాది మిహాయిలోని హత్య చేశారు. అక్కడ ఇప్పటికీ ఆ తాళాల గుర్తుగా ఒక స్మారక శిల ఉంది.

1876 నుంచి 1878 దాకా టర్కీతో రెండు యుద్ధాలు, మొదటిది ఓడారు, రెండోది రష్యా దిగాక గెలిచారు. 1878 జులై బెర్లిన్ కాంగ్రెస్ లో పూర్తి స్వతంత్రం, నీష్, పిరోట్, వ్రాన్యె, తోప్లిత్సా ప్రాంతాలు కూడా. అదే యుద్ధంలో ఆ దక్షిణ ప్రాంతాల నుంచి అల్బేనియన్లని పెద్ద ఎత్తున తరిమేశారు, వాళ్ళు వెళ్ళి కొసొవోలో స్థిరపడ్డారు, తర్వాతి గొడవల మూలం కొంత అక్కడుంది. 1882లో ప్రిన్సిపాలిటీ కాస్తా కింగ్‌డమ్ అయింది. 1903లో అలెగ్జాండర్ ఒబ్రెనోవిచ్ ని, భార్య ద్రాగాని ఆఫీసర్లే రాజభవనంలో చంపేసి కారాజోర్జె మనవడు పీటర్ ని తెచ్చారు. 1912, 13 బాల్కన్ యుద్ధాల్లో కొసొవో, మాసిడోనియాలో పెద్ద భాగం కలిశాయి, అక్కడి జనాన్ని అడిగి కాదు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవడం మీకు తెలిసిందే. 1915లో దేశం మొత్తం శత్రువుల చేతికి పోయింది, రాజు, ప్రభుత్వం, సైన్యం చలికాలంలో అల్బేనియా కొండలు దాటి కోర్ఫు ద్వీపానికి చేరారు, దారిలో ఎంతమంది రాలిపోయారో. భూమి అంగుళం లేకపోయినా ప్రభుత్వం ఉంది, అసెంబ్లీ కోర్ఫులో కూర్చుంది, మిత్రదేశాలు వాళ్ళనే సెర్బియా అన్నాయి. రాజ్యం అంటే ఏంటో అర్థం కావాలంటే ఇదొక్కటి చాలు. 1918లో సలోనికా వైపు నుంచి తోసుకుంటూ తిరిగొచ్చారు.

అలా గెలిచిన దేశం 1918 డిసెంబర్ 1న సెర్బ్, క్రొయేట్, స్లొవీన్ రాజ్యంలో కలిసిపోయింది. మీరు అడిగిన "మాయం" ఇక్కడ జరిగింది. సొంత రాజ్యాంగం, సొంత జెండా, సొంత అసెంబ్లీ అన్నీ వదిలేశారు. సెర్బ్ నాయకులు చాలామంది దీన్ని సెర్బియా పెద్దదవ్వడంగానే చూశారు, క్రొయేట్లు సమాన భాగస్వామ్యం అనుకుని వచ్చారు, 1921 రాజ్యాంగం అంతా బెల్‌గ్రేడ్ చేతిలో పెట్టేసరికి గొడవ మొదలైంది. 1928లో క్రొయేట్ నాయకుడు రాదిచ్ ని పార్లమెంట్ లోనే కాల్చారు. 1929లో రాజు అలెగ్జాండర్ నియంతృత్వం పెట్టి దేశం పేరు యుగోస్లావియా చేసి, దాదాపు అన్నీ నదుల పేర్లతో 9 రాష్ట్రాలుగా కోశాడు, వాటిలో సెర్బియా అనే పేరున్నది ఒక్కటీ లేదు. యుద్ధాలు గెలిచిన దేశం పేరు సొంత రాజుగారి చేతుల మీదే మ్యాప్ లోంచి పోయింది.

1941లో జర్మన్ ఆక్రమణ, తర్వాత కమ్యూనిస్టు నాయకుడు టిటో పాలన. 1945 నుంచి ఫెడరేషన్ లో 6 రిపబ్లిక్కులు, అందులో సెర్బియా ఒకటి, దాని లోపల వొయ్‌వొదినా, కొసొవో అనే రెండు స్వయంపాలిత ప్రాంతాలు. 1974 రాజ్యాంగం ఈ రెండింటికీ దాదాపు రిపబ్లిక్ అంత అధికారం ఇచ్చింది, ఫెడరల్ ప్రెసిడెన్సీలో సొంత సీటుతో సహా, వాళ్ళు ఒప్పుకోకుండా సెర్బియా తన రాజ్యాంగాన్నే మార్చుకోలేదు. ఇది సెర్బ్ లకి కడుపుమంట. సెర్బియా నాయకుడు మిలోషెవిచ్ ఆ మంట మీదే పైకొచ్చాడు, 1989లో ఆ అధికారాలు లాగేసుకున్నాడు, కానీ సీట్లు మాత్రం ఉంచాడు, దాంతో మాంటెనెగ్రో కూడా కలిస్తే 8 ఓట్లలో 4 తన చేతిలో. మిగతా రిపబ్లిక్కులు ఇక మనకి చోటు లేదనుకుని విడిపోయాయి. తర్వాత జరిగిన యుద్ధాలు, 1995 స్రెబ్రెనిత్సా మారణహోమం, ఆ రాజకీయం ఎటు తీసుకెళ్ళిందో చెప్తాయి, అక్కడ చనిపోయిన 8 వేల మందికి పైగా బోస్నియా ముస్లింలని తలుచుకోకుండా ఈ చరిత్ర చెప్పకూడదు.

1992లో సెర్బియా, మాంటెనెగ్రో కలిసి మిగిలిన యుగోస్లావియా అయ్యాయి, పాత యుగోస్లావియా ఐక్యరాజ్యసమితి సీటు మాదే అన్నారు, జనరల్ అసెంబ్లీ ఒప్పుకోలేదు, కొత్తగా అప్లై చేసుకోమంది. మిలోషెవిచ్ 2000 అక్టోబర్ లో దిగిపోయాకే అప్లై చేసి నవంబర్ 1న చేరారు. 2003లో ఆ దేశాన్ని సెర్బియా అండ్ మాంటెనెగ్రో అని వదులైన యూనియన్ గా మార్చారు. దాని చార్టర్ లో 60వ ఆర్టికల్ ముఖ్యం, మూడేళ్ళ తర్వాత ఎవరైనా రెఫరెండం పెట్టి విడిపోవచ్చు, విడిపోయినవాళ్ళకి పాత దేశం వారసత్వం రాదు, మిగిలినవాళ్ళకే. 2006 మే 21న మాంటెనెగ్రోలో ఓటింగ్, కావాల్సింది 55 శాతం, వచ్చింది 55.5. జూన్ 3న వాళ్ళు ప్రకటించుకున్నారు, జూన్ 5న బెల్‌గ్రేడ్ పార్లమెంట్ సెర్బియానే వారసురాలు అని తీర్మానం చేసింది. సెర్బియాలో ఎవరూ స్వతంత్రం కోసం ఓటు వేయలేదు. అందుకే మీ మెటీరియల్ లో "2006లో స్వతంత్రం పొందింది" అన్న వాక్యం మాంటెనెగ్రోకి సరిగ్గా సరిపోతుంది, సెర్బియాకి సరిపోదు.

ఆ వారసత్వంతో పాటు కొసొవో మీద 1999 నాటి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1244వ తీర్మానం కూడా సెర్బియాకే వచ్చింది, నాటో 78 రోజులు బాంబులు వేశాక వచ్చిన తీర్మానం అది, పాలన ఐక్యరాజ్యసమితి చేతికి ఇచ్చింది, దేశ సరిహద్దుల్ని మాత్రం కాగితం మీద అలాగే ఉంచింది. 2006 చివర్లో రెఫరెండంతో తెచ్చుకున్న రాజ్యాంగం ప్రవేశికలో కొసొవో మా భాగం అని రాసుకున్నారు, దాన్ని మార్చాలంటే పార్లమెంట్ లో మూడింట రెండొంతులు, ఆపైన రెఫరెండం. 2008 ఫిబ్రవరి 17న కొసొవో స్వతంత్రం ప్రకటించుకుంది, 2010లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదు అంది, అది దేశమా కాదా అన్నది మాత్రం తేల్చలేదు. అమెరికా, ఈయూలో ఎక్కువ దేశాలు గుర్తించాయి, స్పెయిన్, గ్రీస్, రొమేనియా, స్లొవేకియా, సైప్రస్ గుర్తించలేదు, మన ఇండియా కూడా గుర్తించలేదు. కాబట్టి సెర్బియా వైశాల్యం ఒక పుస్తకంలో సుమారు 88 వేల చదరపు కిలోమీటర్లు అని, ఇంకో దాంట్లో 77 వేలు అని కనిపిస్తే ప్రింటింగ్ మిస్టేక్ అనుకోకండి, ఆ మధ్య తేడా దాదాపు 10,900, అది కొసొవో.